ఏ నీళ్లలో పుట్టిందో చెప్పి చేపను అమ్మండి: కొళత్తూరు రంగుచేపల వ్యాపారులకు బహిరంగ లేఖ

చెన్నై కొళత్తూరులో రంగుచేపలు అమ్మే షాపుల వాళ్లకు, హోల్‌సేల్ వ్యాపారులకు, అక్కడి నుంచి సరుకు తీసుకెళ్లే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు షాపుల వాళ్లకు,

నమస్కారం.

నేను విల్లివాక్కంలో ఉంటాను. మా ఇంట్లో హాల్లోనూ బాల్కనీలోనూ ట్యాంకులే. ఏంజెల్, ఫైటర్, గప్పీ, జీబ్రా చేపల్ని పిల్లలు పెట్టించి పెంచుతాను. మీలో కొందరికి నా మొహం గుర్తుంటుంది. ఆర్టీమియా (చేపపిల్లల మేతకు పొదిగించే చిట్టి ఉప్పునీటి రొయ్యల గుడ్లు) డబ్బా కోసమో, స్పాంజ్ ఫిల్టరు కోసమో వస్తూనే ఉంటాను కదా. మీ కౌంటర్ల దగ్గర తమిళంతో పాటు తెలుగూ వినబడుతూనే ఉంటుంది కాబట్టి నాకు బాగా వచ్చిన భాషలోనే రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మీ షాపులో ప్రతి ట్యాంకు మీదా ఆ చేప ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎలాంటి నీళ్లలో ఉంది అన్నది రాసి పెట్టండి. మన ఊరి నీళ్లలో పుట్టి పెరిగిన చేపలకు ఒక వరస ట్యాంకులు కేటాయించండి. ఇళ్లల్లో మేం పెంచిన పిల్లల్ని న్యాయమైన ధరకు తీసుకోండి. ఇవన్నీ వేరువేరుగా కనిపించినా నాకు ఒకే కోరిక.

చేప కొనడానికి వచ్చిన వాళ్లను మీరు అడిగేది ట్యాంకు ఎన్ని అడుగులు అని. మీ ఇంట్లో ఏ నీళ్లు వస్తాయి అని అడిగిన షాపు నాకింతవరకు తగల్లేదు. చెన్నైలో ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే. మెట్రో వాటర్, అంటే ప్రభుత్వ కుళాయి నీళ్లు, ఒక రకం, బోరు నీళ్లు ఒక రకం, లారీ నీళ్లు ఇంకో రకం. మెట్రో వాటర్ కూడా ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. పుళల్, చెంబరంబాక్కం చెరువుల నీళ్లు, వీరాణం చెరువు నీళ్లు, నెమ్మేలి లాంటి ప్లాంట్లలో ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్లు, మన కండలేరు నుంచి పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీళ్లు. తెలుగు గంగ ఒప్పందం 1983లో జరిగితే, కృష్ణమ్మ ఈ ఊరికి చేరింది 1996లో. ఏ నెలలో ఏది ఎంత కలుస్తుందో మనకు తెలియదు. దానికి తోడు అపార్ట్‌మెంట్లలో మెట్రో నీళ్లు, బోరు నీళ్లు, లారీ నీళ్లు అన్నీ ఒకే సంపులో పడతాయి. 2019 వేసవిలో చెరువులు ఎండిపోయి ఊరంతా లారీల మీద బతికినప్పుడు, ఒక్కో లోడుకు నీళ్ల రుచే మారిపోయేది. మనుషులం క్యాన్ వాటర్ కొనుక్కున్నాం. ట్యాంకులో చేపకు ఆ వీలు ఎక్కడిది?

మా పక్క ఫ్లాట్ పిల్లాడికి వాళ్ల నాన్న పుట్టినరోజుకని ఒక షాపులో నియాన్ టెట్రాలు కొనిచ్చాడు. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం. "కొత్త సరుకు సార్, పొద్దున్నే దిగింది" అని చెప్పి ఇచ్చారట. మర్నాడు పొద్దున ఆ పిల్లాడు తలుపు కొట్టి, "ఆంటీ, ఒక్కసారి వచ్చి చూడండి" అన్నాడు. వెళ్లేసరికి సగం చేపలు అడుగున పడి ఉన్నాయి. బతికున్నవి రంగు వెలిసిపోయి, మొప్పలు ఎగరేస్తూ ఒక మూల నిలబడ్డాయి. ఆ చేపల్ని తెచ్చిన కవర్లో అడుగున కాసిని నీళ్లు మిగిలి ఉంటే అందులో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపేది) పెట్టాను. 160 చూపించింది. వాళ్ల కుళాయి నీళ్లలో పెడితే వెయ్యి దాటింది. సాయంత్రానికి ఒక్కటి కూడా మిగల్లేదు. మళ్లీ చేపల జోలికి పోమని వాళ్లమ్మ ఆ ట్యాంకును అటక మీదికి ఎక్కించేసింది.

మీకు తెలియని సంగతి కాదు గానీ, చదివే మిగతా వాళ్ల కోసం చెబుతాను. మంచినీటి చేప ఒంట్లో ఉండే లవణాల మోతాదుకూ చుట్టూ ఉన్న నీళ్లలోని మోతాదుకూ ఎప్పుడూ తేడా ఉంటుంది. ఆ తేడాను మొప్పలు, మూత్రపిండాలు కలిసి రాత్రీ పగలూ సర్దుకుంటూ ఉంటాయి. తేలిక నీళ్లలో ఉన్న చేపను ఒక్కసారిగా కఠినమైన నీళ్లలో వేస్తే ఆ సర్దుబాటు తలకిందులవుతుంది. నియాన్ టెట్రాది అమెజాన్ ఎగువ ప్రాంతం, అక్కడివి దాదాపు వాన నీళ్లంత తేలికైన నీళ్లు. నిదానంగా అలవాటు చేస్తే అది మన నీళ్లలోనూ బతుకుతుంది. కానీ ఆ నిదానానికి రోజులు పడతాయి. కవర్ని పావుగంట ట్యాంకులో తేలేస్తే కలిసేది వేడి మాత్రమే, నీళ్లు కావు.

దూరం నుంచి వచ్చిన సరుకుతో ఇంకో చిక్కు ఉంది. కవర్లో గంటల తరబడి ఉన్న చేప వదిలిన అమోనియా ఆ నీళ్లలోనే పోగవుతుంది. అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల కవర్లో నీళ్ల పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణానికి కొలత) తగ్గుతుంది కాబట్టి అమోనియా ఎక్కువ భాగం హాని చేయని రూపంలోనే ఉంటుంది. కవర్ విప్పగానే ఆ గ్యాసు బయటికి పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది, అప్పటిదాకా ఊరుకున్న అమోనియా విషంగా మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి వస్తే ఆ విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్లు వెచ్చబడినా అది పెరుగుతుంది. మన బోరు నీళ్ల పీహెచ్, మన మే నెల ఎండ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆలోచించండి. బ్యాంకాక్ నుంచో సింగపూర్ నుంచో విమానంలో వచ్చి ఇంత దెబ్బ తిన్న చేపను దిగిన రోజే మళ్లీ ఇంకో కవర్లో కట్టి ఇస్తే, కొన్నవాళ్లు దాన్ని బతికించుకోవడం ఎలా కుదురుతుంది? కనీసం రెండు వారాలు మీ దగ్గర వేరే ట్యాంకులో ఉంచి, మన నీళ్లకు అలవాటు చేసి అమ్మండి. దానికి స్థలం కావాలి, కరెంటు ఖర్చవుతుంది, ఈలోగా కొన్ని పోతాయి కూడా. ఆ నష్టం ఇప్పుడు చేపలు కొన్న ఇళ్లలోని చిన్నపిల్లల మీద పడుతోంది.

మన నీళ్లలో పుట్టిన చేపకు ఈ అవస్థ ఉండదు. మోలీకి, గప్పీకి కఠినమైన నీళ్లంటేనే ఇష్టం. ఈ ఊళ్లో హీటరు అక్కర్లేదు, బెంగళూరులో పెంచే వాళ్లకు చలికాలంలో అది లేకపోతే కష్టం. ఆడ గప్పీ ఒక్కసారి మగదానితో కలిస్తే నెలల తరబడి, దాదాపు నాలుగు వారాలకొకసారి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. ఫైటర్‌కు చెన్నై ఉక్కపోతే కలిసొస్తుంది. మగ ఫైటర్ నీటి మీద నురగ గూడు కట్టి గుడ్లు కాస్తుంది. మూడు నాలుగు వారాల వయసులో పిల్లలకు పైగాలి పీల్చే అవయవం తయారవుతుంది. అప్పుడు నీటి పైన గాలి వెచ్చగా, తేమగా ఉండాలి. ట్యాంకు మీద మూత ఒకటి వేస్తే మిగతాది మన వాతావరణమే చూసుకుంటుంది. వీధి చివర బాదం చెట్టు కింద ఎండి రాలిన ఆకులు ఏరుకొచ్చి కడిగి వేస్తాను. నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి, గుడ్లకు ఫంగస్ తక్కువ పడుతుంది. జీబ్రా చేప అయితే మన దేశపు నదుల్లో పుట్టిందే. అది పెట్టిన గుడ్లను అదే తినేస్తుంది కాబట్టి ట్యాంకు అడుగున గోళీలు పరిస్తే గుడ్లు సందుల్లోకి జారిపోయి దక్కుతాయి. తెల్లారగట్ల లైటు పడగానే గుడ్లు పెట్టేస్తుంది, రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైనవి ఏంజెల్స్. వాటి గురించి కొంచెం ఎక్కువ రాస్తే ఏమనుకోకండి. జత కుదిరిన రెండు చేపలు ట్యాంకులో ఒక మూలను తమదిగా చేసుకుంటాయి. నేను ఏటవాలుగా ఆనించి పెట్టిన నల్ల పలకను నోటితో పొడుస్తూ, గీకుతూ గంటల తరబడి శుభ్రం చేస్తాయి. తర్వాత ఆడది పలకకు పొట్ట ఆనించి కిందనుంచి పైకి మెల్లగా పాకుతూ గుడ్లు వరసగా అతికిస్తుంది. వెనకే మగది అదే దారిలో వెళుతుంది. ఇక ఆ క్షణం నుంచి ఇద్దరికీ విశ్రాంతి లేదు. రెక్కలతో నీళ్లు విసురుతూనే ఉంటాయి. తెల్లబడిన గుడ్డు చెడిపోయినట్టు. పక్క గుడ్డుకు ఫంగస్ పాకకముందే దాన్ని నోటితో ఏరి తీసేస్తాయి. 28 డిగ్రీల నీళ్లలో రెండున్నర రోజులకు గుడ్లలోంచి తోకలు బయటికి వచ్చి వణకడం మొదలుపెడతాయి. అప్పుడు తల్లీతండ్రీ వాటిని నోట్లోకి తీసుకుని దగ్గర్లోని ఒక మొక్క ఆకు మీదికి మారుస్తాయి, ఒకటి జారి పడితే పరిగెత్తి పట్టుకుని మళ్లీ అక్కడే అంటిస్తాయి. గుడ్లు పెట్టిన వారం రోజులకు పిల్లలన్నీ లేచి గుంపుగా ఈదుతాయి.

అక్కడి నుంచి పని నాది. ఉప్పు నీళ్లలో ఆర్టీమియా గుడ్లు వేసి గాలి గట్టిగా వదిలితే మన వేడికి ఇరవై నాలుగు గంటల్లో పొదుగుతాయి. వాటిని వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేస్తే, కాసేపటికి అద్దంలా కనబడే ఆ పిల్లల పొట్టలు నారింజ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు కనబడిందంటే తిన్నట్టు, కనబడనిది వెనకబడుతున్నట్టు. రోజుకు మూడు నాలుగు సార్లు మేత, రోజూ కొంచెం నీళ్లు మార్చడం. మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి పెద్ద టబ్బుల్లో పట్టి, ఒక రోజంతా గాలి కొట్టించి, అప్పుడే వాడతాను. రెండు నెలలకు అవి రూపాయి బిళ్లంత అవుతాయి. అంతకన్నా చిన్నవి అమ్మను. తోక వంకర, మొప్ప మూత సరిగ్గా లేనివి అమ్మను.

ఇలా పెరిగిన పిల్లలు పుట్టినప్పటి నుంచి సంపు నీళ్లే తాగాయి, మన ఎండలే చూశాయి. కరెంటు పోతే గాలి ఆగడం కూడా వాటికి కొత్త కాదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు చిన్న బ్యాటరీ పంపుల మీదే వాటిని నిలబెట్టాను. అలాంటి చేపల్ని డబ్బాలో పెట్టుకుని మీ దగ్గరికి వస్తే మాకు వినబడే మాట, "లోకల్ సరుకు వద్దక్కా, కస్టమర్ ఇంపోర్టెడే అడుగుతాడు." కొందరు తీసుకుంటారు. వాళ్లిచ్చే ధర ఆర్టీమియా ఖర్చుకు కూడా రాదు. అదే చేపను మీరు ఎంతకు అమ్ముతారో మాకు తెలుసు. షాపు అద్దె, కరెంటు, జీతాలు ఉంటాయి, మీ లాభం మీరు వేసుకోవాల్సిందే. కానీ మా చేప మీ ట్యాంకులో చావదు, విమానం ఖర్చు లేదు, కొన్నవాడు మూడో రోజున వచ్చి గొడవ పెట్టుకోడు. ఆ లెక్క కూడా వేసి ధర కట్టండి.

మాలోనూ సరిచేసుకోవాల్సినవి ఉన్నాయని ఒప్పుకుంటాను. అన్నాచెల్లెళ్లయిన గప్పీలనే తరతరాలుగా కలుపుతూ పోయి, నడుము వంగిన పిల్లల్ని సంచీలో పోసి తెచ్చే వాళ్లు ఉన్నారు. అవి మీరు తిప్పి పంపడమే సరైనది. ఏ పెయిర్ పిల్లలు, ఎప్పుడు పుట్టాయి, ఏ నీళ్లు, ఏం మేత అని రాసిన చీటీ లేకుండా ఎవరి చేపనూ తీసుకోకండి. చీటీ అడగడం మీరు మొదలుపెడితే మేం రాయడం నేర్చుకుంటాం.

ఇదేదో ఖాళీగా ఉన్న ఆడవాళ్ల కాలక్షేపం అనుకునే వాళ్లు ఉన్నారు. ప్రభుత్వం అలా అనుకోలేదు. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయలు ఖర్చని లెక్కగట్టి, అందులో మామూలుగా 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం సబ్సిడీ పెట్టారు. డబ్బు సాయం సరే, పెంచిన చేపను అమ్ముకునే చోటు ఎవరు చూపిస్తారు? అది మీ చేతుల్లోనే ఉంది. నెల్లూరులోనో శ్రీకాళహస్తిలోనో పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు కట్టుకున్న ఆవిడ చేపలు అమ్ముడుపోవాలంటే, అక్కడి షాపు వాళ్లు ప్రతి గప్పీనీ కొళత్తూరు నుంచే తెచ్చుకోవడం మానాలి. తిరుపతి, నెల్లూరు షాపుల వాళ్లారా, ఈ మాట మీకే. ముందు మీ ఊళ్లో ఎవరు పెంచుతున్నారో వెతకండి.

ఇక చేప ఎంత పెరుగుతుందో చెప్పకుండా అమ్మడం. రెండంగుళాల సక్కర్ ఫిష్‌ను "ట్యాంకు క్లీన్ చేస్తుంది" అని చెప్పి అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. ఆస్కార్ కూడా అడుగు వరకూ వస్తుంది. వాస్తు అని చెప్పి రెండడుగుల ట్యాంకుతో పాటు అంటగట్టే అరవానా అయితే చివరికి ఆ ట్యాంకంత పొడవు అవుతుంది. అప్పుడు ఆ ఇంటివాళ్లు ఏం చేస్తారు? చంపలేరు, ఉంచుకోలేరు. పక్కనే రెట్టేరి చెరువు ఉంది, వదిలేస్తే పుణ్యం అనుకుంటారు. సక్కర్ ఫిష్ చెరువులో పడితే గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. ఒళ్లంతా ముళ్ల కవచం కాబట్టి దాన్ని తినే చేప దాదాపు ఉండదు. ఆంధ్రాలో చేపల రైతులు దాన్ని దెయ్యం చేప అంటారు. వలలు చించుతుంది, వేసిన మేత తినేస్తుంది, అమ్ముదామంటే కొనే నాథుడు ఉండడు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో మిగిలే డీఎన్ఏను పరీక్షించి, తూర్పు కనుమల ప్రాంతపు చెరువుల్లో ఇది ఎక్కడెక్కడ పాకిందో పట్టుకునే పద్ధతి కూడా తయారు చేయాల్సి వచ్చింది. అక్కడిదాకా వెళ్లిన చేపల్లో కొన్నయినా ఎవరో ఒకరి హాల్లో గాజు ట్యాంకులోంచి బయల్దేరినవే. కాబట్టి పెద్దదైపోయిన చేపను వెనక్కి తీసుకుంటామని మీ షాపు ముందు బోర్డు పెట్టండి. డబ్బులివ్వక్కర్లేదు. చెరువులో వదలకుండా మీ చేతిలో పెట్టే వీలుంటే చాలు.

ఇంజెక్షన్‌తో రంగులెక్కించిన చేపలు, ఊపిరాడని చిన్న గాజు బౌల్స్, వీటి గురించి పెద్దగా రాయను. మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆపేయండి.

మీ మీద కోపంతో ఇదంతా రాయడం లేదు. చేపల వల్ల బతుకుతున్న కుటుంబాలు కొళత్తూరులో ఎన్ని ఉన్నాయో రోజూ చూస్తున్నాను. వాన నీళ్లు షాపుల్లోకి వచ్చినప్పుడు మోకాలి లోతులో నిలబడి ఒక్కో ట్యాంకులోని చేపల్ని కవర్లలోకి ఎత్తిన వాళ్లు మీరే. అంత కష్టపడే వాళ్లకు నీటి సంగతి అడగడం, చెప్పడం పెద్ద పని కాదని నా నమ్మకం.

ఒక్క షాపు ముందుకొచ్చినా సరే, ఆదివారం పొద్దున నేను వస్తాను. టీడీఎస్ మీటరు, పీహెచ్, అమోనియా టెస్ట్ కిట్లు నా దగ్గర ఉన్నాయి. మీ ట్యాంకుల నీళ్లు పరీక్ష చేసి ఇస్తాను. కొనడానికి వచ్చేవాళ్లు ఇంటి నుంచి ఒక చిన్న సీసాలో నీళ్లు తెస్తే అవీ అక్కడే చూసి చెబుతాను. ట్యాంకు మీద అంటించే చీటీలో నాలుగు ముక్కలు చాలు: ఎక్కడ పుట్టింది, మీ దగ్గరికి ఎప్పుడొచ్చింది, ఈ నీళ్ల టీడీఎస్, పీహెచ్ ఎంత, ఈ చేప ఎంత పొడవు పెరుగుతుంది. రాసేవాళ్లు లేరంటే మొదటి నెల చీటీలు నేనే రాసి పెడతాను, తమిళంలోనూ తెలుగులోనూ.

ఇట్లు,
విల్లివాక్కం నుంచి, ఇంట్లో చేపలు పెంచే మీ కస్టమర్